ఈ మాట ఎవరు చెప్పారు?

వెనుకటి రోజుల్లో ఒక కబురు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేరాలంటే దాన్ని మోసుకొచ్చే మనిషి ఒకరుండేవారు. ఆ మనిషి ఎవరో తెలుసు, అతని మాటకు ఎంత విలువ ఇవ్వాలో కూడా తెలుసు. 'ఆయన చెప్పాడా, అయితే నిజమే అయి ఉంటుంది' అనుకునేవాళ్లం. 'ఆమె మాటా, సగం తీసేసి వినాలి' అనీ అనుకునేవాళ్లం. ఈ రోజు కబురు వస్తోంది కాని దానితో మనిషి రావడం లేదు. ఫోనులో మోగిన సందేశాన్ని పంపింది మన తమ్ముడే కావచ్చు. చెప్పింది మాత్రం తమ్ముడు కాదు. అతనికి ఎవరో పంపారు, వారికి ఇంకెవరో పంపారు. మొట్టమొదట చెప్పినవాడు ఎవడో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా చాలామందికి రాదు.

సోషల్ మీడియా మన సామాజిక జీవితాన్ని ఎన్నో విధాలుగా మార్చింది. ఈ పాఠంలో ఈ ఒక్క మార్పు గురించే మాట్లాడుకుందాం.

ముందుగా మేలు సంగతి చెప్పుకోవడం న్యాయం. కడప, రాయచోటి, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారి ఇళ్లలో ఒకప్పుడు ఉత్తరం కోసం వారాల తరబడి ఎదురుచూసేవారు. క్యాసెట్టులో గొంతు రికార్డు చేసి, సెలవు మీద వచ్చి వెళ్లేవారి చేతికిచ్చి పంపిన తల్లులు ఉన్నారు. ఇప్పుడు కువైట్‌లోని కొడుకు ఇఫ్తార్ వేళ తల్లి ముఖం చూసి మాట్లాడుతున్నాడు. బంధుత్వ సంబంధాలను కలిపి ఉంచమని ఆదేశించిన ధర్మం మనది. ఈ సౌకర్యాన్ని అల్లాహ్ అనుగ్రహంగానే భావించాలి. వాట్సాప్ 2009లో మొదలైంది. 2016లో జియో రాకతో ఇంటర్నెట్ చౌకై, మారుమూల పల్లెలోని కూలీ చేతికి కూడా వచ్చింది. అయితే తల్లి ముఖాన్ని చూపించే ఆ ఫోనే మరొకరి ఇంటికి చితి పేర్చగలదని రెండేళ్లు తిరక్కుండానే దేశం చూసింది.

2018 జూలై 13న హైదరాబాద్‌కు చెందిన ఒక యువ ఇంజనీరు, మిత్రులతో కలిసి కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్లాడు. ఆ మిత్రులలో ఖతర్ దేశీయుడు కూడా ఉన్నాడు. దారిలో కనిపించిన బడిపిల్లలకు వాళ్లు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు అప్పటికే ఊరూరా పాకి ఉంది. జనం చుట్టుముట్టారు. వారి నుంచి తప్పించుకుని కారులో బయలుదేరారు కాని, కారు కంటే ముందే వారి వీడియో తరువాతి ఊరికి చేరిపోయింది. ముర్కి గ్రామం దగ్గర అడ్డగించి కొట్టారు. ఆ యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. అరెస్టయిన వారిలో వాట్సాప్ గ్రూపు నడిపే వ్యక్తి కూడా ఉన్నాడు. అంతకు పన్నెండు రోజుల ముందే మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో ఇదే అనుమానంతో ఐదుగురిని చంపారు. ఆ వీడియోను పంపినవారిలో ఎక్కువమంది హంతకులు కారు. పిల్లల క్షేమం కోరి పంపామనే అనుకుని ఉంటారు.

మదీనాలో ఒక నెల

మంచివారి నోట కూడా అబద్ధం ఎలా ప్రయాణిస్తుందో తెలుసుకోవాలంటే 'ఇఫ్క్' సంఘటనను మించిన పాఠం లేదు. బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుంచి తిరుగు ప్రయాణంలో విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) పోగొట్టుకున్న హారాన్ని వెతుక్కుంటూ వెనుకబడిపోయారు. సైన్యం వెళ్లిపోయింది. వెనుక వస్తున్న హజ్రత్ సఫ్వాన్ (రజి) ఆమెను తన ఒంటె మీద కూర్చోబెట్టి, తాను కాలినడకన ఒంటెను నడిపించుకుంటూ సైన్యాన్ని చేరుకున్నారు. జరిగింది ఇంతే. కపటుల నాయకుడు అబ్దుల్లాహ్ బిన్ ఉబై దీనికి ఒక నీచమైన అర్థం కల్పించాడు.

ఆ తరువాత సుమారు ఒక నెలపాటు ఆ మాట మదీనా వీధుల్లో తిరిగింది. దాన్ని మోసినవాళ్లందరూ కపటులు కారన్నది మనం గమనించవలసిన విషయం. వారిలో మిస్తహ్ ఉన్నారు. ఆయన బద్ర్ యుద్ధంలో పాల్గొన్న సహాబీ, హజ్రత్ అబూబకర్ (రజి)కు దగ్గరి బంధువు, ఆయన ఇచ్చే సహాయంతోనే బతుకుతున్న పేదవాడు. హమ్నా ఉన్నారు. హస్సాన్ ఉన్నారు. హజ్రత్ ఆయిషా (రజి) ప్రయాణం నుంచి రాగానే జబ్బుపడ్డారు. ఊరంతా తన గురించే మాట్లాడుకుంటోందని ఆమెకు తెలియనే తెలియదు. చివరికి మిస్తహ్ తల్లి నోటినుంచే విన్నారు. ఆ తరువాత ఆమె రాత్రింబవళ్లు కన్నీరు ఆగకుండా ఏడ్చారు. దైవప్రవక్త (స) ఇంటిలోనే ఒక నెల అంత వేదనతో గడిచింది.

ఆ నెలలోనే ఇంకో రకం ఇళ్లు కూడా ఉన్నాయి. హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి)తో ఆయన భార్య ఈ ప్రస్తావన తెచ్చినప్పుడు, నువ్వయితే అలాంటి పని చేస్తావా అని ఆయన ఆమెను అడిగారు. చెయ్యనంటే చెయ్యనని ఆమె ప్రమాణం చేశారు. ఆయిషా నీకంటే ఉత్తమురాలు కదా అన్నారాయన. ఆ ఇంటి గడప దగ్గరే ఆ పుకారు ఆగిపోయింది. హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) సంగతి ఇంకా గొప్పది. ఆమె ఆయిషా (రజి)కు సవతి. ప్రవక్త సన్నిధిలో ఆయిషాతో సాటి రాగల స్థానం ఆమెది. పుకారు మోస్తున్న హమ్నా స్వయానా ఆమె చెల్లెలు. ప్రవక్త (స) అడిగినప్పుడు ఆమె తన చెవినీ కంటినీ కాపాడుకుంటానని, ఆయిషాలో మంచి తప్ప మరేమీ ఎరుగనని చెప్పారు. నోరు విప్పి ఒక్క మాట కలిపితే లాభపడే అవకాశం ఉన్న మనిషి ఆమె.

దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరాలో ఈ సందర్భంగా అవతరించిన ఆయతులు ఆయిషా (రజి) నిర్దోషిత్వాన్ని ప్రకటించి ఊరుకోలేదు. విన్నవారిని నిలదీశాయి. వినగానే విశ్వాసులు తమవారి గురించి మంచినే ఎందుకు తలచలేదని 12వ ఆయతు ప్రశ్నిస్తుంది. తెలియని విషయాన్ని ఒక నాలుక నుంచి ఇంకో నాలుకకు అందించుకుంటూ, అదేదో చిన్న సంగతి అనుకున్నారని, అల్లాహ్ దృష్టిలో అది చాలా పెద్దదని 15వ ఆయతు మందలిస్తుంది. ఫార్వర్డ్ మీట నొక్కే వేలికి ఎంత బరువుంటుంది? చిన్న సంగతి అనుకోవడానికి మన కాలంలో ఉన్నంత అవకాశం ఏ కాలంలోనూ లేదు.

సహీహ్ బుఖారీలో హజ్రత్ సమురా (రజి) ఉల్లేఖించిన ఒక సుదీర్ఘమైన హదీసు ఉంది. ప్రవక్త మహనీయులు (స) తమకు కలలో చూపబడిన శిక్షలను అందులో వివరించారు. ఒక మనిషి నోటి మూలను ఇనుప కొక్కెంతో మెడ వెనుక వరకు చీలుస్తున్నారు. రెండో వైపు చీల్చేలోగా మొదటి వైపు మానిపోతోంది, మళ్లీ చీలుస్తున్నారు. ఉదయం ఇంటి నుంచి బయలుదేరి, దిగంతాల దాకా వ్యాపించే అబద్ధం చెప్పేవాడికి పడే శిక్ష అది. ఒక ఉదయం చెప్పిన మాట దిగంతాలకు ఎలా చేరుతుందోనని పూర్వం చదివినవారు ఆశ్చర్యపోయి ఉండవచ్చు. మనకు వివరించనక్కర లేదు.

ఉల్లేఖకుల గొలుసు

విన్నదల్లా చెప్పేయడమే ఒక మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని ప్రవక్త (స) హెచ్చరించారు. ఇమామ్ ముస్లిం తమ సహీహ్ గ్రంథం ఉపోద్ఘాతంలోనే ఈ హదీసును చేర్చారు. మన పండితులు దీన్ని ఆచరణలో ఎలా పెట్టారంటే, ఒక హదీసును వినిపించినవాడిని ఇది నీకెవరు చెప్పారని అడిగారు. వారికెవరు చెప్పారని అడిగారు. ఆ గొలుసునే ఇస్నాద్ అంటారు. అందులో ప్రతి మనిషి పేరు, అతని నడవడి, జ్ఞాపకశక్తి, ఎవరిని ఎక్కడ కలిశాడన్నవి పరిశీలించారు. వేలాది ఉల్లేఖకుల జీవితాలను గ్రంథాలకెక్కించారు. గొలుసులో ఒక్క కొక్కెం తెగినా ఆ ఉల్లేఖనాన్ని బలహీనమైనదిగా లెక్కగట్టారు.

వాట్సాప్‌లో మనం పంపే మాటకు గొలుసు మొత్తం తెగిపోయి ఉంటుంది. సందేశం మీద 'ఫార్వర్డెడ్' అని మాత్రం కనిపిస్తుంది. అంటే 'ఎవరో అన్నారు' అని. 2016 నుంచి ఈ సందేశాలన్నీ సంకేత భాషలోకి మార్చబడి వెళ్తున్నాయి కాబట్టి సంస్థ కూడా వాటిని చదవలేదు. అది మన ఏకాంతానికి రక్షణే. కాని మూలం ఎక్కడుందో వెతకడం కష్టమైంది. 2018 హత్యల తరువాత మన దేశంలో ఒకేసారి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా సంస్థ కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చోటికే పంపేలా చేసింది. అలాంటి సందేశాలు దాదాపు 70 శాతం తగ్గాయని ఆ తరువాత అదే సంస్థ ప్రకటించింది. ఈ మాట మనల్ని ఆలోచింపజేయాలి. వేలికి కాస్త శ్రమ పెరిగితే ఆగిపోయే మాటలను మనం ఇన్నాళ్లూ అవసరమనుకునే పంపుతూ వచ్చామన్నమాట!

ఇస్నాద్ శాస్త్రాన్ని ప్రపంచానికి ఇచ్చిన సమాజమే ఈ రోజు ఇస్నాద్ లేని మాటలను ధర్మం పేరిట పంచుతోంది. ఏటా రమజాన్ దగ్గరపడగానే, ఈ నెల రాకను మొదట తెలియజేసినవారికి నరకాగ్ని నిషిద్ధమవుతుందని ప్రవక్త (స) చెప్పినట్లు ఒక సందేశం తిరుగుతుంది. హదీసు గ్రంథాల్లో దానికి ఆధారం లేదు. మన పెద్దలకు షేక్ అహ్మద్ కల పేరుతో వచ్చిన కరపత్రాలు గుర్తుండే ఉంటాయి. ఇన్ని ప్రతులు పంచితే మేలు, పంచకపోతే కీడు అని బెదిరించిన కాగితాలవి. షేక్ ఇబ్నె బాజ్ వంటి పండితులు అది కల్పితమని రాసి ఖండించారు. కాగితం పోయింది, ఆ బెదిరింపు మాత్రం ఫోనులోకి వచ్చి కూర్చుంది. ప్రవక్త (స) మీద తెలిసి అబద్ధం కల్పించేవాడి నివాసం నరకమని ఎంతోమంది సహాబాల ద్వారా మనకు చేరిన హదీసు ఉండగా, 'పుణ్యం వస్తుందని పంపాను' అనే జవాబు నిలుస్తుందా?

గాయపడినవారి బాధ్యత

2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్తలు వెలువడిన తరువాత ఏం జరిగిందో మనలో ఎవరూ మరచిపోలేదు. ఎక్కడివో, ఎప్పటివో పాత వీడియోలకు కొత్త మాటలు తగిలించి, ముస్లింలు కావాలనే ఉమ్మి వేసి రోగం వ్యాపింపజేస్తున్నారని ప్రచారం చేశారు. పొట్టకూటి కోసం కూరగాయల బండి తోసుకునేవాడిని పేరడిగి వెనక్కి పంపిన వీధులున్నాయి. విదేశీ తబ్లీగీల మీద కేసులను బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2020 ఆగస్టు 21న కొట్టివేసింది. వారిని బలిపశువులను చేశారన్న అభిప్రాయాన్నీ వ్యక్తం చేసింది. వారికి ఆశ్రయమిచ్చారని 70 మంది భారతీయుల మీద పెట్టిన కేసులను ఢిల్లీ హైకోర్టు కొట్టివేయడానికి 2025 జూలై దాకా పట్టింది. అబద్ధం చేరడానికి ఒక పూట చాలింది, దాన్ని తుడవడానికి ఐదేళ్లు కావలసి వచ్చింది.

కాని అదే 2020 ఏప్రిల్ మొదటి రోజున ఇండోర్‌లోని ఒక ముస్లిం బస్తీలో, పరీక్షలు చేయడానికి వచ్చిన ఆరోగ్య సిబ్బంది మీద రాళ్లు రువ్వారు. ఆ గొడవ వెనుక వాట్సాప్‌లో తిరిగిన పుకార్లున్నాయని పత్రికలు రాశాయి. తరువాత ఆ సిబ్బందికి క్షమాపణ చెబుతూ అక్కడి ముస్లింల తరఫున పత్రికలో ప్రకటన కూడా వచ్చింది. పరాయివారు మన గురించి విచారించకుండా నమ్మితే అన్యాయమంటాం, మనం విచారించకుండా నమ్మితే జాగ్రత్త అంటామా?

భద్రతకో భయానికో సంబంధించిన వార్త అందగానే చాటింపు వేసేవారిని నిసా సూరా 83వ ఆయతు తప్పుపట్టింది. దాన్ని ప్రవక్తకు, బాధ్యత గలవారికి నివేదించి ఉంటే, విచారించగలవారు నిజం తెలుసుకునేవారని చెప్పింది. ఈ మార్గం ఈనాటికీ తెరిచే ఉంది. హదీసు అయితే మస్జిదు ఇమామ్ గారిని, మందు మాత్ర అయితే డాక్టరును, ఊళ్లో గొడవ అయితే పోలీసులను అడగాలి. తెలుగులోనే నిజనిర్ధారణ చేసే ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు హైదరాబాద్‌లో ఉన్నాయి. 2018లో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి తన సిబ్బందిని ఊరూరికీ పంపి, పాటలతో, డప్పులతో ప్రజలకు వదంతుల సంగతి వివరించారు. చదువు తక్కువున్న పల్లెలు ఆ మాట విన్నాయి.

ఇంటి గుట్టు

దేశం సంగతులు ఇలా ఉంటే, మన కుటుంబ గ్రూపుల్లో జరిగేది ఇంకొకటి. ఒక ఆడబిడ్డ అత్తింటి కష్టం గురించి అక్కకు రాసుకున్న నాలుగు వాక్యాలు ఫొటోగా మారి, సాయంత్రానికి అత్తింటివారి చేతికే చేరుతున్నాయి. సర్దుకుపోవలసిన తగవు ఖులా దాకా వెళుతోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరైనా అటూ ఇటూ చూశాడంటే, ఆ మాట మీ దగ్గర అమానతు అన్న అర్థంలో ఒక హదీసు తిర్మిజీ, అబూ దావూద్ గ్రంథాల్లో ఉంది. రహస్యమని నోటితో చెప్పనక్కర లేదు, ఆ చూపే చాలు. ఫోనులో రాసేవారు అటూ ఇటూ చూడటం మనకు కనిపించదు. కాబట్టి విడిగా రాసిన ప్రతి మాటనూ అమానతుగానే భావించడం క్షేమం.

అబద్ధమని తేలిన తరువాత ఏం చేయాలి? చాలామంది 'అందరికీ తొలగించు' నొక్కి ఊరుకుంటారు. అప్పటికే దాచుకున్నవారి ఫోన్లలో, ముందుకు పంపినవారి గ్రూపుల్లో అది ఉండనే ఉంటుంది. సాటి మనుషుల హక్కుకు సంబంధించిన పాపంలో పశ్చాత్తాపంతో పాటు జరిగిన నష్టాన్ని సరిదిద్దడం కూడా కావాలని పండితులు చెబుతారు. ఏ సభలో నింద వేశామో ఆ సభలోనే కాదని చెప్పాలి. ఏ గ్రూపులో పంపామో అదే గ్రూపులో, అది అబద్ధమని మన పేరుతో రాయాలి. ఇది నామోషీగానే ఉంటుంది.

ఇక అలా పంపిన బంధువుతో మనం ఎలా ఉండాలన్నది ఒకటి మిగిలింది. గ్రూపు నుంచి తీసేసి, పెళ్లిళ్లకు కూడా పిలవడం మానేసిన ఇళ్లు ఉన్నాయి. కన్నకూతురి మీద నింద మోసిన మిస్తహ్‌కు ఇక పైసా ఇవ్వనని హజ్రత్ అబూబకర్ (రజి) ప్రమాణం చేశారు. ఏ తండ్రి అయినా చేసే పనే. అప్పుడు నూర్ సూరా 22వ ఆయతు అవతరించింది. స్తోమత గలవారు బంధువులకు ఇవ్వబోమని ప్రమాణాలు చేయరాదని చెప్పి, అల్లాహ్ మిమ్మల్ని క్షమించాలని మీరు కోరుకోరా అని అడిగింది. కోరుకుంటామని అబూబకర్ (రజి) అన్నారు. మిస్తహ్‌కు ఇచ్చే సహాయాన్ని తిరిగి మొదలుపెట్టి, ఇక ఎన్నడూ ఆపనని మరో ప్రమాణం చేశారు.