తెర మీది జడ

కూచిపూడి భాగవతులకు సిద్ధేంద్రయోగి అనుగ్రహించినదిగా ప్రసిద్ధమైన భామాకలాపంలో కథ స్వల్పం. సౌందర్యగర్వంతో సత్యభామ స్వామితో కలహిస్తుంది. స్వామి వెడలిపోతాడు. ఆమె విరహంతో కుమిలి, చెలికత్తె మాధవి ద్వారా లేఖ పంపి, తుదకు ఆయన పాదాలను ఆశ్రయిస్తుంది. ఇంత చిన్న కథను పూర్వం రాత్రంతా ప్రదర్శించేవారు. ఆ సమయమంతా దేనికి వినియోగమయ్యేదో రెండు దృశ్యముద్రణలను వెంటవెంటనే చూచిన తరువాతనే నాకు బోధపడింది.

మొదటిది సంప్రదాయ మేళం ఒకటి గ్రామంలో ఆడినప్పటిది. పాత వీడియో క్యాసెట్టుకు ప్రతి. బొమ్మ మసక, అక్కడక్కడ ధ్వని లేదు. రెండవది కొన్నేళ్ల క్రితం మా ఊరి ఆలయ కల్యాణోత్సవాలలో తీసినది. మూడు కెమెరాలు, చక్కని వెలుగు, వేషధారిణి నృత్యం నిర్దుష్టం. గంటలో ముగించవలసినదిగా ఆ బృందాన్ని కోరినవాణ్ణి నేనే. ఆ ఏడాది కార్యక్రమ నిర్వహణ నాది.

పాత ముద్రణలో ఇద్దరు తెర పట్టుకొని నిలుస్తారు. సత్యభామ కనిపించదు. తెర మీదుగా జడ ఒక్కటి ఇవతలకు వచ్చి వాలుతుంది. తనకు సాటి ఎవరైనా ఉంటే రండని ఆ జడ సవాలు. ఉన్నది ఒకే కెమెరా, అదీ కదలదు. కనుక జడ, తెర క్రింది పాదాలు, ప్రక్కన తాళం వేసే సూత్రధారుడు అన్నీ ఒక్కసారే కనబడతాయి. మా ముద్రణలో కెమెరా జడబిళ్లల దగ్గరకు వెళ్లిపోయింది. పాదాలు చూచే భాగ్యం లేదు.

వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన పిదప సభావేదికకు తగిన నృత్యనాటికల పద్ధతి బలపడింది. దానిని దోషమనడం నా ఉద్దేశం కాదు. వేదాంతం సత్యనారాయణశర్మగారి వంటి పురుషులు ప్రసిద్ధికి తెచ్చిన ఈ పాత్రను నేడు ఎందరో స్త్రీలు ధరిస్తున్నారు. లోపం నిడివిలోనూ లేదు, నేను తీసివేయించిన దానిలో ఉన్నది.

నీ భర్త పేరేమని మాధవి అడుగుతుంది. ఇల్లాలు పెనిమిటి పేరు పలుకరాదు కదా! సత్యభామ సిగ్గుతో సంజ్ఞలు చేస్తుంది; మాధవి తెలియనట్లు నటిస్తుంది. పాత ముద్రణలో జనం నవ్వు వినవస్తుంది. తరువాత లేఖ తీసుకువెళ్లడానికి మాధవి నగలు కోరి, ముక్కెర దగ్గర పట్టుపడుతుంది. ముక్కెర సౌభాగ్యచిహ్నం. బేరం సాగేకొద్దీ నవ్వులు తగ్గుతాయి. జడను సవాలుగా విసిరిన చేయి ముక్కు వద్దకు వెళ్లి ఆగిపోతుంది.

గంటలో ముగియాలని మేము తొలగించినది సరిగ్గా ఈ ఘట్టాన్నే. హాస్యం ఎక్కువగా ఉన్నది, ఆలయంలో తగదు అని కూడా నేనన్నాను. ఫలితంగా మా సత్యభామ గర్వంతో ప్రవేశించి, కాసేపటికే లేఖ వ్రాసి, స్వామి పాదాలపై వాలింది. వాలడం అందంగానే ఉన్నది. ఏమి విడిచి వచ్చిందో మాత్రం తెలియదు. సత్యభామను జీవాత్మగా, మాధవిని దారి చూపే గురువుగా పెద్దలు చెబుతారు. గురువును దాటించి శిష్యురాలిని గమ్యం చేర్చామన్నమాట.

రాబోయే కల్యాణోత్సవాలకు ఆ బృందాన్నే మరల ఆహ్వానించాము. వ్యవధి మాట నేను ఎత్తలేదు. "ముక్కెర ఘట్టం ఉంచమంటారా అండీ?" అని నాయకులు అడిగారు. ఉంచమన్నాను. మూడు గంటలు పడుతుందట. ఆ రాత్రి ప్రసాద వితరణ ఆలస్యమవుతుందని వంటశాలవారికి ముందుగానే తెలియజేశాను.