చిన్న పడవకు లంగరు: ఎంపిక, వేసే పద్ధతి

చర్ల మండలంలో గోదావరి లంకల్లో మిర్చి, కూరగాయలు వేసే రైతుకు పడవ కూడా ఒక పనిముట్టే. కూలీలను దాటించాలన్నా, ఎరువు బస్తాలు చేర్చాలన్నా, కోసిన కాయ ఒడ్డుకు తేవాలన్నా అదే దిక్కు. నాగలికి కర్రు చూసుకుంటాం, బండికి ఇరుసు చూసుకుంటాం. పడవకు మాత్రం ఏదో ఒక రాయి కట్టి వదిలేస్తున్నాం. పట్టు తప్పిన పడవ ధారలో పడితే దిగువన దుమ్ముగూడెం ఆనకట్ట వైపే కొట్టుకుపోతుంది. అందులో మనుషులుంటే సంగతేమిటో ఆలోచించండి.

రాయి నీళ్లలో తేలికవుతుంది. ఒడ్డున 20 కిలోలు తూగే నల్లరాయి నీటిలో పన్నెండున్నర కిలోలే. పైగా ఇసుక మీద జారుతుందే తప్ప దిగబడదు. ఇది రాస్తున్న నేనూ ఒకప్పుడు రాయినే నమ్మి, అన్నం తిని లేచేసరికి పడవ కనబడక రెండు మైళ్లు ఒడ్డు వెంట నడిచాను. వంగిన చెట్టు కొమ్మల్లో చిక్కుకోబట్టి దొరికింది.

ఇసుక అడుగుకు రెండు వెడల్పాటి రెక్కలున్న ఇనుప లంగరు మంచిది. రాళ్లున్న చోట నాలుగు ముళ్ల లంగరు పట్టుకుంటుంది, కానీ ఒట్టి ఇసుకలో అది గీసుకుంటూ వచ్చేస్తుంది. చిన్న నాటు పడవకు ఎనిమిది, పది కిలోలది చాలు. కమ్మరి చేత చేయించుకోవచ్చు. లంగరుకు, తాడుకు మధ్య ఆరేడు అడుగుల ఇనుప గొలుసు తప్పక వేయించండి.

అసలు కిటుకు తాడు పొడవులో ఉంది. నాగలిని పైకెత్తి లాగితే కర్రు లేచిపోతుంది, నేలబారున లాగితే దిగుతుంది. లంగరూ అంతే. పొట్టి తాడు దాన్ని పైకి పీకుతుంది. గెడతో లోతు చూసి, పడవ ముందు కొన ఎత్తు కలిపి, దానికి ఐదింతల తాడు వదలాలి. ధార గట్టిగా ఉంటే ఏడింతలు. పదడుగుల లోతు, రెండడుగుల కొన అయితే 60 అడుగులు, ధారలో 80 దాటాలి. ఇంత తాడు దండగ అనుకునేవారున్నారు. పడవ ఖరీదు ముందు తాడు ఖరీదెంత?

వేసేటప్పుడు ముందుగా తాడు రెండో కొసను పడవ ముందు కొనకు కట్టుకోండి. వెనుక నుంచి గానీ పక్క నుంచి గానీ వేస్తే ధార తోపుకి పడవ నీళ్లు తాగి తిరగబడుతుంది. నిలపాల్సిన చోటు దాటి ఎగువకు వెళ్లి, లంగరును విసరకుండా మెల్లగా దించాలి. పడవ ధారతో వెనక్కి జరుగుతుంటే తాడు వదులుతూ పోయి, చివర బిగించి ఒక్క లాగు లాగి చూడాలి. తాడు చుట్టలో కాలు పెట్టి నిలబడరాదు. ఒడ్డున ముందూ వెనుకా ఉన్న తాడిచెట్టు, కరెంటు స్తంభం లాంటి రెండు గుర్తులు ఒకే వరసలో పెట్టుకోండి. వరస చెదిరితే లంగరు జారుతున్నట్టే. మళ్లీ తీసి వేయాలి.

రాళ్లలో ఇరుక్కుంటే తీయడం కష్టం. అందుకే లంగరు అడుగు భాగానికి మరో సన్న తాడు కట్టి, పై కొసకు ఎండిన సొరబుర్ర కట్టి వదిలితే, దాన్ని పట్టి వెనక్కి లాగొచ్చు. పడవలో పదునైన కత్తి కూడా ఉండాలి. నీరు ఉరికి వస్తే తాడు కోసి గెడ వేసుకోవాలి, లంగరు కోసం చూడొద్దు.

వానాకాలం రాత్రుళ్లు ఇంకా జాగ్రత్త. తాలిపేరు గేట్లు ఎత్తితే నీరు పెరుగుతుంది. పొట్టి తాడుతో కట్టిన పడవ ముక్కు మునుగుతుంది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే లంగరును నమ్మకండి, పడవను మెరక మీదికి లాగేయండి. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిన నది ఇది.

నైలాన్ తాడు పడవ అంచు మీద రాసుకునే చోటే ముందు తెగుతుంది. అక్కడ పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి, నెలకోసారి విప్పి చూసుకోండి.