కంటికి కనిపించే క్యాన్సర్: ఒక సర్జన్ అనుభవ పాఠాలు

లోపలి అవయవాల క్యాన్సర్‌ను పట్టుకోవాలంటే స్కానింగులు కావాలి. చర్మ క్యాన్సర్‌ను అనుమానించడానికి పగటి వెలుతురు చాలు. అయినా ప్రభుత్వాసుపత్రుల్లో సర్జన్‌గా పనిచేసినంత కాలం నేను చూసిన చర్మ క్యాన్సర్ రోగుల్లో చాలామంది జబ్బు ముదిరాకే వచ్చారు. వాళ్లకు ఒళ్లంటే లెక్కలేక కాదు. ఏం చూడాలో, ఎప్పుడు అనుమానపడాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ నాలుగు మాటలూ ఇప్పుడు చెబుతున్నాను.

1. మన రంగుకు రాదని ధీమా పడొద్దు

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపుతుంది. అందుకే ఆస్ట్రేలియాలోని తెల్లవాళ్లతో పోలిస్తే మనలో ఈ జబ్బు చాలా తక్కువ. తక్కువే గాని, లేకపోలేదు.

ముఖ్యమైన రకాలు మూడు. బేసల్ సెల్ క్యాన్సర్ ఎక్కువగా ముఖం మీద, ముక్కు పక్కన, కంటి దగ్గర నిదానంగా పెరుగుతుంది. దూరంగా పాకడం బహు అరుదు, కానీ వదిలేస్తే ముక్కునూ కంటినీ తినేస్తుంది. మనవాళ్లలో ఇది తరచు నల్లగా ఉంటుంది కాబట్టి పుట్టుమచ్చ అనుకుని ఊరుకుంటారు. స్క్వేమస్ సెల్ క్యాన్సర్ గరుకు మచ్చగానో, పుండుగానో మొదలవుతుంది. గజ్జల్లో, చంకల్లో ఉండే బిళ్లలకు పాకగలదు. మెలనోమా రంగు కణాల్లో పుడుతుంది. మూడింటిలో తక్కువమందికి వచ్చేదీ, ఎక్కువ ప్రమాదమైనదీ ఇదే.

బొల్లి మచ్చలు క్యాన్సర్‌గా మారవు. ఆ భయంతో కుమిలిపోయేవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

2. పాత కాలిన మచ్చ మీద కొత్త పుండును నమ్మొద్దు

చిన్నప్పుడు గంజి మీద పడో, పొయ్యి దగ్గర చీర అంటుకునో కాలిన చోట చర్మం బిగుసుకుని మచ్చ మిగులుతుంది. అది కీలు దగ్గరుంటే మడిచినప్పుడల్లా చిట్లుతుంది, మానుతుంది, మళ్లీ చిట్లుతుంది. ఇలా ఏళ్ల తరబడి సాగాక, ఒక్కోసారి ముప్ఫై ఏళ్లు దాటాక, అక్కడ క్యాన్సర్ పుట్టవచ్చు. ఫ్రెంచి సర్జన్ మార్జొలిన్ 1828లో ఇలాంటి మచ్చల మీది పుళ్ల గురించి రాశాడు. ఇప్పటికీ వీటిని ఆయన పేరుతోనే పిలుస్తాం. "ఇది నా చిన్నప్పటి దెబ్బే బాబూ, కొత్తదేం కాదు" అని పెద్దవాళ్లు అంటుంటారు. మచ్చ పాతదే, పుండు కొత్తది. అంచులు ఎత్తుగా బయటికి తిరిగినా, క్యాలీఫ్లవర్‌లా కండ పెరిగినా, వాసన వేసినా, ముట్టుకుంటే రక్తం కారినా ఇక కట్లు మార్చుకుంటూ కూర్చోవద్దు.

కాలిన మచ్చలే కాదు, ఏళ్ల తరబడి ఒరుసుకునే చోటా, వేడి తగిలే చోటా ఇదే జరగవచ్చు. కశ్మీరులో చలికి దుస్తుల లోపల నిప్పుల కుంపటి పెట్టుకునేవాళ్లకు పొట్ట మీద, తొడల మీద వచ్చేదాన్ని కాంగ్రీ క్యాన్సర్ అంటారు. లంగా బొందు బిగించి కట్టుకునే నడుము దగ్గర మానని పుండు క్యాన్సర్ అయిన ఇద్దరు స్త్రీల గురించి 2024లో మహారాష్ట్ర, బిహార్ వైద్యులు రాశారు. నడుము చుట్టూ నల్లగా కమిలి, పొట్టు రాలుతుంటే బొందు వదులు చేయండి, ముడి చోటు మార్చండి. అక్కడ పుండు పడితే చూపించుకోండి.

3. అరికాలు తిప్పి చూడండి

మనవాళ్లకు వచ్చే మెలనోమా అరికాలిలో, అరచేతిలో, గోటి కింద పుట్టడం ఎక్కువ. దీనికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. అరికాలిని ఎవరూ రోజూ చూసుకోరు. చూసినా ఆనెకాయ అనో, ముల్లు గుచ్చుకుందనో, షుగరు పుండనో అనుకుంటారు. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోటి కింద బయటపడింది ఈ మెలనోమాయే. ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1981లో, 36 ఏళ్లకే ఆయన చనిపోయాడు.

గోటి కింద కమిలిన రక్తం గోరు పెరిగే కొద్దీ ముందుకు జరిగి పోతుంది. నల్లచార కదలకుండా వెడల్పవుతున్నా, గోరు దాటి పక్క చర్మానికి నలుపు ఎక్కినా ఆలస్యం చేయొద్దు.

4. మచ్చ ఉండటం కాదు, మారడం ముఖ్యం

పుట్టుమచ్చల్లో నూటికి తొంభై తొమ్మిది పైనే హాని లేనివి. వాటిలో ఐదు సంగతులు గమనించండి: ఒక సగం రెండో సగానికి పొంతన లేకపోవడం, అంచు వంకరటింకరగా ఉండటం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, ఆరు మిల్లీమీటర్లు దాటిన వెడల్పు, కొన్ని నెలల్లో వచ్చిన మార్పు. ఐదింటిలో నేను అన్నిటికంటే పట్టించుకునేది ఆఖరిది. కొన్ని మెలనోమాలకు నలుపే ఉండదు, ఎర్రటి కురుపులా ఉంటాయి. మారుతున్నది ఏ రంగులో ఉన్నా చూపించాలి.

5. ముక్క పరీక్షకు భయపడొద్దు, మచ్చను కాల్చొద్దు

"కత్తి తగిలితే పాకిపోతుంది" అనే మాట ఎంతమందిని ఆసుపత్రికి రాకుండా ఆపిందో నాకు తెలుసు. అది నిజం కాదు. మత్తు సూది ఇచ్చి చిన్న ముక్క తీస్తారు. అనుమానం మెలనోమా మీదైతే, వీలున్నచోట మచ్చ మొత్తం తీస్తారు. మచ్చను సున్నం, సోడా, నల్లజీడి పెట్టి కాల్చడమే ప్రమాదం. పైన మాడిపోతుంది, కింద పెరుగుతుంది, పరీక్షకు ఏమీ మిగలదు.

ఎక్కడ మచ్చ తీయించుకున్నా ఆ ముక్కను ల్యాబ్‌కు పంపమని అడగండి. మెలనోమా అయితే రిపోర్టులో లోతు మిల్లీమీటర్లలో ఉంటుంది. ఆ లోతును కొలవాలని 1970లో చెప్పింది అలెగ్జాండర్ బ్రెస్లో అనే వైద్యుడు. ఒక మిల్లీమీటరు లోపు తేలితే చాలామంది ఆపరేషన్‌తోనే బయటపడతారు. ఆలస్యమైన కొద్దీ పెరిగేది ఆ అంకే.

6. మొదటి ఆపరేషన్ సరిగ్గా జరగాలి

క్యాన్సర్ ఒక్కటే తీస్తే సరిపోదు, చుట్టూ కొంత మంచి చర్మం కూడా తీయాలి. చిన్న బేసల్ సెల్‌కు నాలుగు మిల్లీమీటర్లు చాలు. మెలనోమాకు లోతును బట్టి ఒకటి, రెండు సెంటీమీటర్లు. అంత తీస్తే పుండు పూడుతుందా అని అడుగుతారు. తొడ మీది పలుచని చర్మం తీసి అతికిస్తాం, లేదా పక్క చర్మాన్నే జరిపి కప్పుతాం. కనురెప్ప, ముక్కు లాంటి చోట్ల పొరలు పొరలుగా తీస్తూ, అప్పటికప్పుడు మైక్రోస్కోపు కింద చూసే మోస్ పద్ధతి ఉంది.

ఆపరేషన్ తట్టుకోలేని వృద్ధులకు రేడియేషన్, పైపైన ఉన్న కొన్ని బేసల్ సెల్ మచ్చలకు పూత మందు పనిచేస్తాయి. గజ్జల్లోనో, చంకలోనో బిళ్ల కట్టిందేమో ప్రతిసారీ తడిమి చూడాలి. మెలనోమా లోతుగా ఉంటే, పైకి బిళ్ల తగలకపోయినా క్యాన్సర్ ముందుగా చేరే బిళ్లను తీసి పరీక్షిస్తారు.

7. ముదిరినా దారి మూసుకుపోదు

నేను చదువుకున్న రోజుల్లో పాకిపోయిన మెలనోమాకు కీమో ఇచ్చేవాళ్లం, ఫలితం అంతంతమాత్రం. 2011 నుంచి పరిస్థితి మారింది. మన రక్తకణాలకు పడిన పగ్గాలు విప్పి క్యాన్సర్ మీదికి పంపే ఇమ్యునోథెరపీ వచ్చింది. దానికి బాట వేసిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ ఇచ్చారు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో, తొంభై ఏళ్ల వయసులో, మెదడుకు పాకిన మెలనోమా ఉందని తేలింది. రేడియేషన్‌తో పాటు ఈ మందూ ఇచ్చారు. 2024లో నూరేళ్లు నిండాక ఆయన కన్నుమూశాడు.

అందరికీ అలాగే జరుగుతుందని చెప్పను. అరికాలి మెలనోమా మీద ఈ మందులు అంత బాగా పనిచేయవు, ఖర్చు లక్షల్లో ఉంటుంది. పొలం అమ్మే ముందు డాక్టర్‌ని సూటిగా అడగండి: ఎంతకాలం, ఎంత మేలు, ఎంత ఖర్చు? ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఏ చికిత్స వస్తుందో ఆసుపత్రిలోనే కనుక్కోండి.

నయం కాని చోట కూడా చేయవలసింది ఉంటుంది. పుండు వాసనకు సిగ్గుపడి మనిషి మూలగదిలో ఉండిపోతాడు. మెట్రోనిడజోల్ పొడి చల్లి కట్టుకడితే వాసన బాగా తగ్గుతుంది. నొప్పికి మార్ఫిన్ ఇప్పించండి. ఇంటివాళ్లు మళ్లీ పక్కన కూర్చుని అన్నం తినగలిగితే అదీ వైద్యమే.

8. మేనరికపు ఇళ్లలో పసివాళ్లను గమనించండి

జీరోడెర్మా పిగ్మెంటోజం అనే జబ్బు ఉన్న పిల్లలకు ఎండ చేసిన హానిని సరిచేసుకునే శక్తి పుట్టుకతోనే ఉండదు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే, ప్రతి కాన్పులో బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. రక్తసంబంధీకుల పెళ్లిళ్లలో ఇది ఎక్కువ. రెండేళ్లు నిండకముందే ముఖమంతా చుక్కలు, వెలుతురు చూడలేకపోవడం తొలి గుర్తులు. రక్షణ లేకపోతే పదేళ్ల లోపే క్యాన్సర్లు మొదలవుతాయి. నిండా దుస్తులు, టోపీ, కళ్లద్దాలు, సన్‌స్క్రీన్, సాయంత్రం ఆటలు: ఇవే ఆ బిడ్డకు ఆయుష్షు. తరవాతి కాన్పుకు ముందు జన్యు సలహా తీసుకోవాలి. మెలనిన్ లోపించే ఆల్బినిజంతో పుట్టిన పిల్లలకూ ఎండ నుంచి ఇదే కాపుదల కావాలి.

9. నాలుగు వారాల లెక్క పెట్టుకోండి

ఏ పుండైనా నాలుగు వారాల్లో మానకపోతే డాక్టర్‌కు చూపించాలి. షుగరు ఉన్నా, లేకపోయినా ఇదే లెక్క. ఒకసారి క్యాన్సర్ నయమైనవాళ్లు డాక్టర్ చెప్పిన గడువుకల్లా వెళ్లాలి. మళ్లీ రావచ్చు, వేరే చోట కొత్తది పుట్టవచ్చు.

నెలకొక తలంటి రోజున ఇంట్లో ఒకరి వీపు ఒకరు, పెద్దవాళ్ల అరికాళ్లు, కాలివేళ్ల సందులు, పాత మచ్చలు చూడండి. వంగలేని అమ్మకు, చూపు తగ్గిన నాన్నకు వాళ్ల పాదాలు వాళ్లకు కనిపించవు. ఆ చూపు పిల్లలుగా మీరే ఇవ్వాలి. చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే ఇది చాలామందికి గంటసేపటి ఆపరేషన్‌తో పోయే జబ్బు.