ముందు ప్రతి, ఆ తర్వాతే స్క్రూడ్రైవరు

తెలుగు శాఖ గోడపత్రికలో కంప్యూటరు రిపేరు గురించి వ్యాసమేమిటని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. మన తరగతిలో చాలామంది ప్రాజెక్టు టైపు చేస్తున్నది ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ల మీదే. అన్నయ్య ఇంజనీరింగు చదివేటప్పుడు కొన్నదో, నాన్న అంగడి లెక్కల కోసం తెచ్చిందో, ఏదో ఒకటి. స్విచ్ వేసి కాఫీ కలుపుకుని వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. "దీని పని అయిపోయింది, పాత సామాన్లవాడికి వేసేద్దాం" అంటారు ఇంట్లో. దాని లోపల ఏముందని మాత్రం ఎవరూ అడగరు.

మా ఇంటి కంప్యూటర్లో మా తాత టైపు చేసుకున్న ఫైళ్ళు ఉన్నాయి. హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్ళ నోట విన్న సామెతలు, నాట్ల పాటలు, పెళ్ళి పాటలు, వరసల పిలుపులు ఏళ్ళ తరబడి రాసిపెట్టారు. అచ్చు కాలేదు. ఇంకో ప్రతి లేదు. నేను ప్రాజెక్టుకి తీసుకున్నది వాటినే. ఆ మెషీను మొరాయించినప్పుడు నేను నేర్చుకున్న పద్ధతిని మీ అందరికీ పనికొచ్చేలా పాఠంగా రాస్తున్నాను.

1. అన్నిటికన్నా ముందు ప్రతి

తాటాకుల చరిత్ర మనం చదివాం. ఆకు పురుగు పట్టకముందే, విరిగిపోకముందే కొత్త ఆకుల మీద ఎవరో ఒకరు ప్రతి తీసేవారు. అలా తీసినవే మన దాకా వచ్చాయి. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితులకి జీతాలిచ్చి చేయించిన పనిలో పెద్ద భాగం కూడా ఇదే: దొరికిన ప్రతులన్నీ తెప్పించడం, పోల్చి చూడడం, శుద్ధప్రతి రాయించడం. ఆయన సేకరించిన తెలుగు ప్రతులు నేటికీ చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి.

హార్డ్ డిస్కు కూడా తాటాకు లాంటిదే. ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. కాబట్టి కంప్యూటరు ఏ చిన్న తేడా చేసినా మొదట చేయాల్సింది రిపేరు కాదు, ప్రతి తీయడం. రిపేరు షాపులో చాలాసార్లు మొదట వినపడే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం" అని. మాకూ అదే చెప్పారు. ఫార్మాట్ చేసి విండోస్ మళ్ళీ ఎక్కిస్తే మెషీను నడవవచ్చు. కానీ పాత ఫైళ్ళున్న చోట కొత్తవి వచ్చి కూర్చుంటాయి. ఆ తర్వాత ఎంత వెతికినా దొరకవు.

2. జబ్బు ఎక్కడుందో తెలుసుకోవడం

"కంప్యూటరు పనిచెయ్యట్లేదు" అనేది జబ్బు పేరు కాదు. "ఒంట్లో బాగాలేదు" అన్నట్టు అది. లక్షణం చూసి చోటు పట్టుకోవాలి.

స్విచ్ వేస్తే ఫ్యాను కూడా తిరగకపోతే: ప్లగ్గు, వైరు, ఆ తర్వాత పవర్ సప్లై డబ్బా. ఈ డబ్బాని మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. చెడిపోతే డబ్బాకి డబ్బా మార్చడమే.

ఫ్యాను తిరిగి, బీప్ బీప్ అంటూ తెర నల్లగా ఉంటే: చాలాసార్లు ర్యామ్. ప్లగ్గు తీసి, ర్యామ్ పలకని బయటికి లాగి, మెత్తటి పొడిబట్టతో తుడిచి, రెండు వైపులా క్లిప్పులు టక్కుమనే దాకా మళ్ళీ నొక్కండి. రెండు పలకలుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. దేనితో ఆగిపోతోందో అదే చెడిపోయిన పలక.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎప్పటిదో పాత సంవత్సరానికి పోతుంటే: మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయింది. దాని పేరు సీఆర్ 2032, 3 వోల్టులు. తేదీ తప్పితే బ్యాంకు, మెయిలు వంటి సైట్లు కూడా తెరుచుకోకుండా "సురక్షితం కాదు" అంటాయి. ఇంటర్నెట్ చెడిపోయిందని అందరూ అనుకుంటారు, తప్పు ఈ బిళ్ళది.

అన్నీ పనిచేస్తూ విపరీతంగా నెమ్మదిస్తే, ఫైలు తెరిచేటప్పుడు బిగుసుకుపోతే: మొదట అనుమానించాల్సింది హార్డ్ డిస్కుని. మాది ఈ రకం.

3. డిస్కు ఎందుకు నెమ్మదిస్తుంది?

హార్డ్ డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు నిమిషానికి 7200 సార్లు తిరుగుతాయి, అంటే సెకనుకి 120 సార్లు. ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి, అంటే 4.2. ముల్లు ఆ వరస దగ్గరికి జరగడానికి ఇంకో 8, 9. మొత్తం ఒక్కో చిన్న ముక్క చదవడానికి సుమారు 13 మిల్లీసెకన్లు. అంటే అక్కడక్కడా చెదిరి ఉన్న ముక్కల్ని సెకనుకి 75 దాకా మాత్రమే తేగలదు. విండోస్ లేచేటప్పుడు అలాంటి ముక్కలు వేలల్లో అడుగుతుంది. కాఫీ కలుపుకునేంత సేపు అందుకే.

ఎస్సెస్‌డీలో తిరిగేది ఏమీ లేదు. అంతా చిప్పులే. ఒక ముక్క తేవడానికి సుమారు 0.1 మిల్లీసెకను చాలు. పాత మెషీనుకి ఒక్క మార్పే చేయగలిగితే చేయాల్సింది ఇదే అని అందరూ చెప్పేది ఈ లెక్క వల్లే.

కానీ మామూలు నెమ్మది వేరు, జబ్బు నెమ్మది వేరు. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం లెక్క తనే రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో చూడవచ్చు. నీలం రంగు అయితే బాగుందని, పసుపు అయితే జాగ్రత్త అని, ఎరుపు అయితే ప్రమాదమని. అందులో మూడు వరసలు ముఖ్యం. 5వ నంబరు: చెడిపోయిన చోట్లకి బదులుగా వేరే చోటు ఎన్నిసార్లు కేటాయించిందో. 197: చదవలేక అనుమానంలో పెట్టినవి ఎన్నో. 199: కేబులులో వచ్చిన తప్పులు. 199 ఒక్కటే పెరుగుతుంటే సంతోషించండి, సాటా కేబులు మారిస్తే సరిపోతుంది. మా డిస్కులో పెరుగుతున్నది 197. పొద్దున ఒక అంకె, సాయంత్రానికి ఇంకో అంకె.

డిస్కు టక్ టక్‌మని చప్పుడు చేస్తుంటే మాత్రం ఆ క్షణమే ఆపేయండి. ముల్లుకీ పళ్ళేనికీ మధ్య ఎడం వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. తిరిగేకొద్దీ గీసుకుపోతుంది. ఇంట్లో దాన్ని విప్పితే ఒక్క దుమ్ము రేణువు చాలు పాడవడానికి. అది డేటా తిరిగి తీసే నిపుణుల పని.

4. ప్రతి తీసిన వరస

జబ్బు డిస్కు మీద విండోస్ నడుపుతూ కాపీ చేయకూడదు. విండోస్ ఊరుకోదు, వెనకాల ఏదో రాస్తూనే ఉంటుంది. నేను ఆ డిస్కుని బయటికి తీసి, సాటా యూఎస్‌బీ అడాప్టరుతో మా అక్క ల్యాప్‌టాప్‌కి తగిలించాను. డెస్క్‌టాప్‌లో ఉండే 3.5 అంగుళాల డిస్కుకి 12 వోల్టుల విడి కరెంటు కావాలి కాబట్టి దాని అడాప్టరు వేరే ప్లగ్గుతో వస్తుంది. ల్యాప్‌టాప్ డిస్కు 2.5 అంగుళాలది, యూఎస్‌బీ కరెంటే చాలు.

మొదట కాపీ చేయాల్సింది మళ్ళీ దొరకనివి. సినిమాలు, పాటలు, ప్రోగ్రాములు ఎప్పుడైనా దొరుకుతాయి. తాత ఫైళ్ళు మొదట, ఇంటి ఫోటోలు తర్వాత, మిగతావి ఆ పైన. వందల జీబీల డిస్కు చూసి భయపడకండి. యూనికోడ్‌లో దాచుకునే మామూలు పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు. "స్త్రీ" అనే ఒక్క అక్షరంలో 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. పేజీకి 1500 సంకేతాల చొప్పున 500 పేజీల పుస్తకం కూడా 2.25 ఎంబీలే. మన ఫోనులో తీసే ఒక్క ఫోటో అంతకన్నా పెద్దది. మాట దాచడానికి చోటు చాలదని ఎవరూ అనలేరు.

కాపీ మధ్యలో ఆగిపోయే ఫైళ్ళ కోసం లినక్స్‌లో డీడీ రెస్క్యూ అనే ప్రోగ్రాము ఉంది. అది ముందు తేలిగ్గా వచ్చే భాగాలన్నీ తీసుకుని, మొండి చోట్ల దగ్గరికి చివర్లో మళ్ళీ వస్తుంది. ఏది పాత డిస్కు, ఏది కొత్త డిస్కు అన్నది రెండుసార్లు చదివి ఇవ్వాలి. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కుని తుడిచేస్తుంది.

చివరికి అన్నీ వచ్చాయి, పెళ్ళి పాటల ఫైలు ఒక్కటి తప్ప. అది సగమే వచ్చింది. ఆ పాటలు చెప్పిన అవ్వల్లో ఇద్దరు ఇప్పుడు లేరు.

5. తెలుగు ఫైళ్ళకి ఇంకో గండం

ఫైలు వచ్చింది కదా అని తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, వింత గుర్తులు. డిస్కు తప్పు కాదు. తాత టైపు చేసింది అను ఫాంట్లతో. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది, కానీ అచ్చు పనంతా చాలా ఏళ్ళు పేజ్‌మేకర్లో, ఇలాంటి ఫాంట్లతోనే నడిచింది. వాటిలో నిజంగా దాచేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలనే. ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. ఫాంటు లేకపోతే వేషం పోతుంది. కాబట్టి ఇలాంటి ఫైళ్ళకి ప్రతి తీయడమంటే మూడు పనులు.

ఒకటి, ఫైలుతో పాటు విండోస్‌లో ఫాంట్స్ అనే ఫోల్డరు నుంచి ఆ ఫాంటు ఫైళ్ళు కూడా కాపీ చేసుకోవాలి. రెండు, పాత ప్రోగ్రాము ఇంకా తెరుచుకుంటున్నప్పుడే పీడీఎఫ్ చేసుకోవాలి, అప్పుడు ఫాంటు అందులోనే కలిసి ఉంటుంది. మూడు, కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చి, పీడీఎఫ్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడాలి. వత్తుల దగ్గర, అరసున్న దగ్గర తప్పులు ఎక్కువ వస్తాయి. ఈ మూడో పని మెషీను చేయలేదు. ఇక్కడ కావలసింది తెలుగు వచ్చిన మనిషి. మన శాఖ చదువు పనికొచ్చేది ఇక్కడే.

6. ఎస్సెస్‌డీ పెట్టడం, మిగతా చిన్న పనులు

ప్రతులన్నీ భద్రమయ్యాకే మార్పు. ప్లగ్గు తీయండి. సీపీయూ డబ్బా ఇనుప భాగాన్ని చేత్తో తాకండి, ఒంట్లో స్టాటిక్ కరెంటు దిగిపోతుంది. పాత డిస్కుకి రెండు వైర్లుంటాయి: సన్నది డేటాకి, వెడల్పుది కరెంటుకి. రెండూ ఎల్ ఆకారంలో ఉండి ఒకే వైపు పడతాయి, కాబట్టి బలవంతం చేయనక్కర్లేదు. అవే వైర్లు ఎస్సెస్‌డీకి సరిపోతాయి. 250 జీబీది మన పనికి ధారాళం. 1 టీబీ కొంటే విండోస్ 931 జీబీ చూపిస్తుంది. షాపువాళ్ళు మోసం చేయలేదు. తయారీదారుడు వెయ్యితో లెక్కిస్తాడు, విండోస్ 1024తో లెక్కిస్తుంది.

ర్యామ్ కొనేముందు మీ బోర్డు డీడీఆర్3నా, డీడీఆర్4నా చూసుకోండి. గాడి ఉండే చోటే వేరు, ఒకదాంట్లో ఇంకోటి దిగదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 11కి టీపీఎమ్ 2.0 కావాలి, అది లేని పాత మెషీను లినక్స్‌తో చక్కగా నడుస్తుంది, తెలుగు టైపింగూ అందులో ఉంది.

ఇంట్లో నెట్టు మాటొకటి. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది కానీ నెమ్మది. 5 గిగాహెర్ట్జ్ వేగం, కానీ గోడ అడ్డొస్తే తగ్గిపోతుంది. పెద్ద ఫైళ్ళు పంపడానికి కేబులే మేలు. దాంట్లో 8 తీగలుంటాయి. ఒక్క తీగ తెగినా వేగం 1000 మెగాబిట్ల నుంచి 100కి పడిపోవచ్చు.

7. ఈ వారం అందరం చేయాల్సిన పని

ఎస్సెస్‌డీ పెట్టుకుంటే ప్రతి అక్కర్లేదని అనుకోకండి. అది చప్పుడు కూడా చేయకుండా ఒక్కసారిగా పోగలదు. కరెంటు లేకుండా ఏళ్ళ తరబడి బీరువాలో పెడితే లోపలి రాతే చెదరవచ్చు. అందుకే 3-2-1 సూత్రం: మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి ఇంటి బయట. కంప్యూటర్లో ఒకటి, పెన్‌డ్రైవులోనో పాత డిస్కులోనో ఒకటి, మెయిల్లోనో చుట్టాలింట్లోనో ఒకటి.

ఇంటికి వెళ్ళగానే పెద్దవాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి: "ఈ కంప్యూటర్లో మళ్ళీ దొరకనిది ఏముంది?" వాళ్ళు చెప్పిన ఫైలుకి ఆ రోజే రెండో ప్రతి తీయండి. తీసిన ప్రతిని ఇంకో మెషీనులో తెరిచి చదివి చూడండి. తెరిచి చూడని ప్రతి లెక్కలోకి రాదు. పాత ఫాంటులో ఉండి చదవలేకపోతే మధ్యాహ్నం భోజనం వేళ మన శాఖ గదికి పెన్‌డ్రైవు పట్టుకుని రండి. కూర్చుని సరిచూద్దాం.