నష్టపు వాటా వ్రాయని ఒప్పందము

పెన్న ఉత్తరపు గట్టున నున్న కోవూరునుండి విడవలూరు మీదుగా సముద్రతీరమునకు పోవు దారిలో, ఒకరు చెరువును, మరొకరు మేతను, ఇంకొకరు రేయింబవళ్ళు కాపుండు శ్రమను పెట్టి, ముగ్గురు కలిసి రొయ్యల పంట వేయుట నేడు పరిపాటి యైనది. లాభములో ఎవరి వాటా యెంతయో ఈ మువ్వురును నోటిమాటతోనే ఖండితముగా తేల్చుకొందురు గాని, పంట పోయినచో ఎవరి వాటా యెంత యని అడుగుటయే అశుభమని తలంతురు. తెల్లమచ్చల వ్యాధి సోకి చెరువు ఖాళీ యైన పిమ్మటనే ఆ ప్రశ్న పుట్టును.

చట్టము మాత్రము ఈ మౌనమును అట్లే విడువదు. వేరు ఒడంబడిక లేనియెడల లాభనష్టములు రెండును సమభాగములని 1932 నాటి భారత భాగస్వామ్య చట్టము 13వ సెక్షనున నిర్దేశించినది. లాభపు వాటాలును కుదుర్చుకొననిచో, పది లక్షలు పెట్టినవానికిని, ఒడలు వంచి పనిచేసినవానికిని నష్టమున భారము సమానమే. 25వ సెక్షను ఇంకను కఠినము: ఫర్ము బాకీకి భాగస్థులందరు ఉమ్మడిగాను విడివిడిగాను బాధ్యులు గావున, అప్పిచ్చినవాడు ముగ్గురిలో ఆస్తి గలవానినే పట్టుకొని మొత్తము రాబట్టుకొనవచ్చును.

"మేము భాగస్థులము కాము, కలిసి చేసితి మంతే" యనుట చెల్లునా? పత్రమున నున్న పేరును గాక అసలు సంబంధమును చూడవలెనని 6వ సెక్షను చెప్పుచున్నది. లాభములో వాటా పుచ్చుకొన్నంతమాత్రమున ఎవడును భాగస్థుడు కాడు. ఒకరి తరఫున మరొకరు వ్యాపారము నడపు అధికారము గలదా యనునదే గీటురాయి. 2008లో ఫకీర్ చంద్ గులాటీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, స్థలయజమానికిని బిల్డరునకును నడుమ ఒప్పందమును జాయింట్ వెంచరు అని పిలిచినను, నిర్వహణపై అధికారమును లాభనష్టములలో భాగమును లేని యజమాని వినియోగదారుడే యని తీర్పు చెప్పినది. డెవలప్‌మెంటునకు స్థలము లిచ్చు మనవారు, కట్టడపు లోపములపై వినియోగదారుల కమిషను నాశ్రయించుటకు ఈ తీర్పు ఆధారము.

కావున పత్రమున మొదట నష్టపు వాటా వ్రాసికొనుడు. పిమ్మట కౌలు గడువు, కరెంటు బిల్లు, బ్యాంకు ఖాతాపై సంతకములు, ఒకరు విరమించినను మరణించినను లెక్క తేల్చు విధము, మధ్యవర్తి యెవరను విషయము. మేతకు లక్షలు పోసి స్టాంపు కాగితమునకు వెనుదీయువారిని చూచి ఆశ్చర్యపడుట నేను మానితిని. తగిన స్టాంపు లేని పత్రము, లోటును జరిమానాను చెల్లించువరకు సాక్ష్యమున చేరదు. తీరపు చెరువునకు 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టము క్రింద రిజిస్ట్రేషను గలదో లేదో ముందే విచారింపుడు. లేనిచో ఒప్పందమునకే, చట్టవిరుద్ధ ఒప్పందములను చెల్లనీయని కాంట్రాక్టు చట్టము 23వ సెక్షను అడ్డు తగులు ప్రమాదము గలదు.

ఫర్మును రిజిస్టరు చేయుట నిర్బంధము కాదు. చేయనిచో, భాగస్వామ్య చట్టము 69వ సెక్షను వలన, ఒడంబడిక హక్కులకై ఫర్ము బయటివారిపైనను, భాగస్థులు ఒకరిపై నొకరును దావా వేయజాలరు. బయటివారు ఫర్ముపై వేయుటకు మాత్రము ఆటంకము లేదు. రద్దయిన ఫర్ము లెక్కలు కోరు దావాకు ఈ ఆంక్ష వర్తింపదు గాని, దానికిని రద్దు నాటినుండి మూడేండ్లే గడువు. ఒక్క పంటకై కుదిరిన భాగస్వామ్యము, వేరు ఒడంబడిక లేనిచో, ఆ పని ముగియుటతోనే రద్దగును. అందుచేత రొయ్యలు పట్టి అమ్మిన తేదీని, పైకము ముట్టిన తేదీని రసీదులతో సహా భద్రపరచుడు.