జీపును తింటున్నదెవరు?

చార్మినార్ వైపు నుంచి పురానాపూల్ మీదుగా మూసీ దాటి గోల్కొండ దారి పడితే కార్వాన్ వస్తుంది. కార్వాన్ అంటే బిడారు. కుతుబ్ షాహీల కాలంలో దూరదేశాల వర్తకులు బిడారులు కట్టుకొని వచ్చి ఇక్కడ దిగేవారు. వజ్రాల బేరాలు జరిగేవి. 1671లో కట్టిన టోలీ మసీదు ఇప్పటికీ ఇక్కడ నిలిచి ఉంది. వజ్రం కొనేవాడు దాన్ని వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి, లోపల మచ్చ ఉందా, పగులు ఉందా అని చూసుకోనిదే డబ్బు మూట విప్పడు కదా!

అదే కార్వాన్‌లో ఉండే మా బావ మాత్రం చూడకుండానే విప్పేశాడు.

రెండేళ్ల కిందట ఆయన ఒక పాత జీపు కొన్నాడు. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే రకం. వికారాబాద్ దగ్గర వాళ్ల పొలానికి వానాకాలంలో మామూలు కారు పోదు. అందుకని దాచుకున్న డబ్బంతా పెట్టి కొన్నాడు. మిలమిల మెరిసే ఆకుపచ్చ రంగు. "పెళ్లికొడుకులా లేదూ?" అని మురిసిపోయాడు. వచ్చే ఆదివారం ఇంట్లో పిల్లలందరినీ ఎక్కించుకొని అనంతగిరి కొండలకు వెళ్దామన్నాడు.

పెళ్లికొడుకు గుట్టు బయటపెట్టింది మా అక్క కూతురు. అప్పుడు తొమ్మిదో తరగతి. పాత రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటి ఎప్పుడూ ఆ పిల్ల దగ్గర ఉంటుంది. రంగు మీద గీతలు పడకుండా దాన్ని పలుచని గుడ్డలో చుట్టి, జీపు ఒంటి మీద జరుపుతూ ఆడుకుంటోంది. బానెట్ మీద అతుక్కుంది. తలుపు మీద అతుక్కుంది. తలుపు కింది అంచుకు వచ్చేసరికి జారి నేల మీద పడింది. మళ్లీ పెట్టింది, మళ్లీ పడింది.

"నాన్నా, ఇక్కడ ఇనుము లేదు!"

ఇనుము లేకపోతే మరి ఉన్నదేమిటి? లప్పం. రేకులో సొట్టలు, చిల్లులు ఉన్నచోట పెయింటర్లు పూసే ముద్ద అది. మెత్తని పొడిని జిగురు పదార్థంతో కలిపి చేస్తారు. ఆరాక గట్టిపడుతుంది, గరుకు కాగితంతో రుద్దితే నున్నగా అవుతుంది. పైన రంగు వేస్తే రేకో లప్పమో కంటికి తెలియదు. కాని అయస్కాంతానికి తెలుస్తుంది. పలుచని పూత అయితే దాని పట్టు కాస్త సడలుతుంది. మందంగా ఉంటే పట్టే ఉండదు.

మర్నాడే జీపును దగ్గరలోని షెడ్డుకు తీసుకుపోయాం. అక్కడి ఉస్తాదు అరవై దాటిన మనిషి. తలుపు వైపు చూడనైనా చూడలేదు. చాప పరుచుకొని, చిన్న సుత్తి పట్టుకొని జీపు కిందికి దూరాడు. ఛాసిస్ పొడవునా తడుతూ పోతున్నాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్... ఎడమవైపు వెనక చక్రం దగ్గర శబ్దం మారింది. బద్.

"సప్పుడు ఇన్నరా సార్? జర ఇటు రాండ్రి."

బావ వంగి చూశాడు. ఉస్తాదు స్క్రూడ్రైవరుతో అక్కడ నొక్కాడు. అది అట్లా లోపలికి దిగిపోయింది! గోధుమరంగు పొరలు అట్టముక్కల్లా రాలిపడ్డాయి. కమాన్ పట్టీలను ఛాసిస్‌కు తగిలించే చోటు అది. బండి బరువులో ఒక పెద్ద వంతు దాని మీదే ఆగుతుంది. ఆ ఆదివారం అనంతగిరి మలుపుల్లో, జీపు నిండా పిల్లలు ఉండగా అది ఊడిపోయి ఉంటే? బావ ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి, "పైన రంగేసి, లోపల ఏదైనా పూసి సరిపెట్టలేమా?" అని అడిగాడు.

"ఎయ్యమంటే ఎయ్యిస్త సార్. కాని నా పేరు మాత్రం ఎక్కడ చెప్పకుండ్రి" అన్నాడు ఉస్తాదు.

ఇంటికి వస్తుంటే మా మేనకోడలు ఒక ప్రశ్న వేసింది. అది మీకూ తోచే ఉంటుంది. "మామా, తుప్పు పట్టాలంటే గాలీ నీరూ రెండూ కావాలని మా పుస్తకంలో ఉంది. లప్పం పూస్తే గాలి తగలదు. బురద కప్పినా గాలి తగలదు. మరి వాటి కిందనే తుప్పు ఎక్కువగా ఎందుకు పట్టింది?"

మంచి ప్రశ్న. పుస్తకంలో ఉన్నది తప్పు కాదు, కాని కథ అక్కడితో అయిపోలేదు. మిగతా కథ ఒక ఉప్పునీటి బొట్టులో ఉంది.

బొట్టులో బ్యాటరీ

ఈ ప్రయోగాన్ని మీ బడి ప్రయోగశాలలో, మాస్టారి ఎదుట చేయండి. 100 మిల్లీలీటర్ల నీటిలో 3 గ్రాముల ఉప్పు కరిగించండి. అందులో చిటికెడు పొటాషియం ఫెర్రిసైనైడు, కొన్ని చుక్కల ఫినాఫ్తలీన్ కలపండి. ఈ ద్రావణాన్ని నోటి దగ్గరికి రానీయకూడదు, ఆమ్లాలతో కలపకూడదు, వేడి చేయకూడదు. ఒక ఇనుప రేకును గరుకు కాగితంతో తళతళలాడేలా రుద్ది, దాని మధ్య ఒక పెద్ద బొట్టు వేసి కదపకుండా ఉంచండి.

మొదట బొట్టు కింద నీలం, గులాబి మచ్చలు కలగాపులగంగా కనిపిస్తాయి. కొద్దిసేపట్లో అవి విడిపోతాయి. బొట్టు నడుమ నీలం, అంచు చుట్టూ గులాబి రంగు వలయం! ఇనుము కరిగి నీటిలోకి దిగినచోట ఫెర్రిసైనైడు నీలంగా మారుతుంది. క్షారం పుట్టినచోట ఫినాఫ్తలీన్ గులాబి రంగు పొందుతుంది. అంటే ఇనుము కరుగుతున్నది బొట్టు నడుమనే. గాలి ఎక్కువగా అందేది మాత్రం అంచుల దగ్గర.

కేంబ్రిడ్జిలో పనిచేసిన యులిక్ ఎవాన్స్ అనే శాస్త్రజ్ఞుడు 1920లలో ఈ బొట్టును శ్రద్ధగా పరిశీలించి, తుప్పు పట్టడమంటే ఒక విద్యుత్ వ్యవహారమని చూపాడు. బొట్టు నడుమ ఉన్న ఇనుప పరమాణువు రెండేసి ఎలక్ట్రాన్లను వదిలేసి, అయానుగా మారి నీటిలోకి పోతుంది. వదిలిన ఎలక్ట్రాన్లు నీటిలోకి రావు. ఇనుములోంచే నడిచి బొట్టు అంచుకు చేరతాయి. అక్కడ గాలిలోని ఆక్సిజన్, నీరు కలిసి వాటిని అందుకొని హైడ్రాక్సిల్ అయాన్లుగా మారతాయి. ఉప్పునీటిలో అయాన్లు అటూ ఇటూ కదిలి వలయాన్ని పూర్తిచేస్తాయి. అచ్చంగా ఒక చిన్న బ్యాటరీ అన్నమాట! ఇనుప అయాన్లు, హైడ్రాక్సిల్ అయాన్లు మధ్యదారిలో కలుసుకున్నచోట ఫెర్రస్ హైడ్రాక్సైడు ఏర్పడి, మరింత ఆక్సిజన్‌తో కలిసి ఎర్రని తుప్పు అవుతుంది.

కాబట్టి గాలి కావలసిందే. అయితే అది తిన్నచోటే అందాలని లేదు, పక్కన అందినా చాలు. ఇద్దరన్నదమ్ముల్లో ఒకడు అప్పు చేస్తే రెండోవాడు తీర్చినట్లు, గాలి అందినచోటు భోంచేస్తుంది, గాలి అందనిచోటు అరిగిపోతుంది. ఇంకో సంగతి గమనించారా? ఎర్రగా కనిపించేచోటూ, ఇనుము లోతుగా పోయేచోటూ ఒకటి కావు. పైన చూసి లోపలి నష్టాన్ని లెక్కకట్టలేకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు జీపు కిందికి రండి. ఛాసిస్ పెట్టెలా బోలుగా ఉంటుంది. లోపల చేరిన నీరు పోవడానికి అడుగున రంధ్రాలు ఉంటాయి. బురద వాటిని మూసేసింది. తడి బురద కింద గాలి తక్కువ, దాని పక్కనున్న ఇనుముకు గాలి ఎక్కువ. బొట్టు నడుమ, బొట్టు అంచు! లప్పం కిందా ఇదే జరిగింది. అంచున సన్నని పగులు నుంచి తడి లోపలికి పోయింది, మళ్లీ బయటికి రాలేకపోయింది. ఒక కిలో ఇనుము పూర్తిగా తుప్పు పడితే సుమారు 1.6 కిలోల తుప్పు తయారవుతుంది. అది ఆక్రమించే చోటు ఇనుముకు రెట్టింపు కన్నా ఎక్కువే. అందుకే రంగు బుడగలా ఉబ్బి, పగిలి, ఇంకా తడికి దారి ఇస్తుంది.

అంతా బాగానే ఉంది గాని, హైదరాబాదు గాలి పొడిగాలి. వానాకాలం పోతే ఎక్కువ నెలలు ఇక్కడ ఉతికిన బట్టలు ఇట్టే ఆరిపోతాయి. ఛాసిస్ ఎందుకు ఆరలేదు? దీనికి జవాబు జీపు పాత కాగితాలలో దొరికింది. అది మొదట రిజిస్టరైంది విశాఖపట్నంలో. అమ్మినాయన ఆ ముక్క చెప్పలేదు, బావా అడగలేదు. సముద్రపు తుంపరలోని ఉప్పు దానికి పట్టింది. వానాకాలంలో వంటింటి ఉప్పు చెమ్మగిల్లడం మీరు చూసే ఉంటారు. శుద్ధమైన ఉప్పు అయితే గాలిలో తేమ సుమారు 75 శాతం ఉంటే గాని నీరు కాదు. కాని సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. అది సుమారు 33 శాతం తేమకే గాలిలోని నీటిని లాక్కొని కరుగుతుంది! అంటే ఊరంతా పొడిగా ఉన్నప్పుడు కూడా ఛాసిస్ లోపల ఒక పలుచని ఉప్పునీటి పొర ఉండవచ్చు. సముద్రం ఎన్నో వందల కిలోమీటర్ల దూరాన ఉన్నా, జీపు తన వాటా సముద్రాన్ని కార్వాన్‌కు మోసుకొచ్చిందన్నమాట.

కోత, కుట్టు

బావ రంగు మాట మానుకున్నాడు. మరమ్మతు ఖర్చు రంగు ఖర్చుకు నాలుగింతలైంది.

ఉస్తాదు మొదటిరోజంతా చేసిన పని కడగడమే. మంచినీటిని గొట్టంతో ఛాసిస్ లోపలికి కొట్టి, మూసుకుపోయిన రంధ్రాలను తీగతో పొడిచాడు. బురద వచ్చింది, తర్వాత టీ రంగు నీళ్లు వచ్చాయి, చివరికి తేటనీళ్లు వచ్చాయి. ఉప్పు పోకుండా పైన ఏం పూసినా దండగే. ఆరాక వైర్ బ్రష్షుతో గీకాడు. బ్రష్షుకు రాలిందంతా రాలాక గాని చిల్లి అసలు ఎంతో తెలియలేదు. స్క్రూడ్రైవరు పట్టిన చిల్లి అరచేయంత అయింది.

వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు ఊడదీసి, డీజిల్ ట్యాంకు దించి దూరంగా పెట్టించాడు. పిల్లను షెడ్డు బయటికి పంపాడు. వెల్డింగు వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కళ్లను దెబ్బతీస్తాయి, ఒక్కసారి తొంగిచూసినా చాలు. తర్వాత కుళ్లిన భాగాన్ని మాత్రమే కాకుండా, దాని చుట్టూ గట్టి ఇనుము తగిలేదాకా కోసేశాడు. అరిగిన అంచుకు వెల్డింగు నిలవదు, వేడికి కరిగిపోతుంది. అంతే మందం ఉన్న కొత్త ఉక్కు ముక్కను మూలలు గుండ్రంగా కత్తిరించి అతికాడు. మూలలు చదరంగా ఉంటే బలమంతా ఆ మొన దగ్గర చేరి, పగులు అక్కడే మొదలవుతుందట. ముక్కను పాత ఇనుము పైన కప్పలేదు, దాని అంచుకు అంచు చేర్చాడు. కప్పితే రెండింటి సందులో నీరు నిలిచి మళ్లీ బొట్టు కథే!

అతుకు అయ్యాక ఒక దారం తెచ్చి, ఛాసిస్ ముందు కుడి మూల నుంచి వెనక ఎడమ మూలకు, ముందు ఎడమ నుంచి వెనక కుడికి కొలిచాడు. రెండూ సమానంగా వచ్చాయి. ఎదురెదురు భుజాలు సమానమైనప్పుడు కర్ణాలు కూడా సమానమైతే అది దీర్ఘచతురస్రమే. ఉస్తాదు బడిలో ఎంతవరకు చదివాడో గాని, ఈ సిద్ధాంతం మాత్రం ఆయన చేతిలో ఉంది.

గీకినా పోని తుప్పు సన్నని గుంటల్లో కొంత మిగులుతుంది. దానికి ఒక ద్రావణం పూశాడు. గోధుమరంగు చూస్తుండగానే నల్లబడింది. అందులో ఉండేది టానిక్ ఆమ్లం. అది తుప్పుతో కలిసి, నీటిలో కరగని నల్లని పదార్థంగా మారుతుంది. ఇది మన తాతలకు తెలియనిదేమీ కాదు. కరక్కాయలో టానిన్లు పుష్కలంగా ఉంటాయి. కరక్కాయ కషాయంలో ఇనుప లవణమైన అన్నభేది కలిపి నల్లసిరా చేసుకునేవారు. కరక్కాయ పొడి నానబెట్టిన నీటిలో ఒక తుప్పు మేకును వేసి మీరే చూడండి, నీళ్లు నల్లబడతాయి.

తర్వాత రెడాక్సైడ్ ప్రైమరు. దీనిలో ఎర్రరంగు ఇచ్చేది ఏమిటో తెలుసా? ఇనుప ఆక్సైడే, తుప్పుకు దగ్గరి చుట్టం! కాని ఇది పొడి రూపంలో, జిగురులో బందీగా ఉండి, తడిని ఇనుము దాకా పోనివ్వకుండా అడ్డుపడుతుంది. ఒకప్పుడు దీని బదులు ఎర్ర సీసం పూసేవారు. సీసం విషం కాబట్టి దాని వాడకం తగ్గించారు. ఛాసిస్ లోపలికి మైనం కలిసిన నూనెను గొట్టంతో చల్లాడు. తలుపుల కింద లప్పం పెరికి, కొత్త రేకు అతికి, చివరికి ఆకుపచ్చ రంగు వేయించాడు. కొన్ననాటి మెరుపు దానికి లేదు.

అనంతగిరి ప్రయాణం ఏడు వారాలు ఆలస్యమైంది. తిరిగివస్తుంటే దారిలో పెద్దవాన పట్టుకుంది. ఇంటికి చేరాక మా మేనకోడలు టార్చిలైటు, ఒక తెల్లని పింగాణీ పళ్లెం తీసుకొని జీపు కిందికి దూరింది. కొత్తగా తెరిచిన రంధ్రం లోంచి చుక్కలు చుక్కలుగా నీళ్లు పడుతున్నాయి. పళ్లెంలో పట్టి తెచ్చి వాళ్ల నాన్నకు చూపించింది. ఇద్దరూ దీపం కింద పెట్టి చూశారు. నీళ్లు తేటగానే ఉన్నాయి, అడుగున మాత్రం కాస్త పసుపు.

"మట్టేమో" అన్నాడు బావ.

"అయస్కాంతం తెస్తానుండు" అంది.

"తుప్పుకు అది అతుక్కోదు కదే!"

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, వంటింట్లోకి వెళ్లి కరక్కాయ డబ్బా తెచ్చింది.