టీకొట్టు వైఫై, ఊరు దాటే రోమింగ్‌

టీకొట్టు యజమాని కూడా ఇంటర్నెట్‌ అమ్ముకోవచ్చు. లైసెన్సు అక్కర్లేదు, టెలికాం శాఖ దగ్గర రిజిస్ట్రేషన్‌ అక్కర్లేదు, రుసుమూ లేదు. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకంలోని అసలు మలుపు ఇదే. వాణి అంటే వైఫై యాక్సెస్‌ నెట్‌వర్క్‌ ఇంటర్‌ఫేస్‌. దీనికి బీజం 2017 మార్చిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌ చేసిన సిఫార్సులు.

పోటీ పరీక్షల అభ్యర్థులు తడబడే చోటు ఈ పథకపు నాలుగంచెల నిర్మాణం. వైఫై పరికరం పెట్టి సేవ అందించే దుకాణదారు పబ్లిక్‌ డేటా ఆఫీస్‌, అంటే పీడీఓ. అలాంటి పీడీఓలను కూడగట్టి లాగిన్‌, లెక్కలు చూసేది అగ్రిగేటర్‌. దగ్గర్లోని హాట్‌స్పాట్లను ఫోన్‌లో చూపించేది యాప్‌ సంస్థ. వీటన్నిటి వివరాలుండే సెంట్రల్‌ రిజిస్ట్రీని ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్‌ నిర్వహిస్తుంది. అగ్రిగేటర్‌, యాప్‌ సంస్థలకు మాత్రం రిజిస్ట్రేషన్‌ తప్పనిసరి.

ఒక అగ్రిగేటర్‌ వినియోగదారు మరో అగ్రిగేటర్‌ హాట్‌స్పాట్‌ వాడుకోవడమే రోమింగ్‌. పీఎం-వాణి మార్గదర్శకాలకు 2024 సెప్టెంబరులో చేసిన సవరణలు దీనికి దారి తీశాయి. ఆలోచన కొత్తదేమీ కాదు: యూరప్‌లో పుట్టిన ఎడ్యురోమ్‌ రెండు దశాబ్దాలుగా ఇదే చేస్తోంది. సొంత విశ్వవిద్యాలయం ఇచ్చిన పాస్‌వర్డ్‌తోనే విద్యార్థి పరాయి దేశపు క్యాంపస్‌లో కనెక్ట్‌ అవుతాడు. భారత్‌లో దాన్ని నడిపేది విద్యా, పరిశోధన నెట్‌వర్క్‌ సంస్థ ఎర్నెట్‌.

2022 నాటికి కోటి పబ్లిక్‌ వైఫై హాట్‌స్పాట్లు అని 2018 జాతీయ డిజిటల్‌ కమ్యూనికేషన్స్‌ విధానం లక్ష్యం పెట్టుకుంది. దరిదాపులకూ చేరలేదు. బ్యాండ్‌విడ్త్‌ ఖర్చు చిన్న దుకాణదారుకు మోయలేని భారమైంది. అందుకే 2025 జూన్‌లో ట్రాయ్‌ బ్రాడ్‌బ్యాండ్‌ సంస్థలకు కళ్లెం వేసింది: 200 ఎంబీపీఎస్‌ వరకు ప్లాన్లకు పీడీఓల నుంచి ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌ ధరకు రెట్టింపు మించి వసూలు చేయరాదు.